తెల్ల పెట్టెలో పదో కార్డు

నన్ను క్లినిక్‌లో అందరూ స్పిరిట్ అక్క అంటారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఎదురుగా అంటే ఊరుకుంటానా? కుర్చీ చెయ్యి, దీపం పిడి, తలుపు గొళ్ళెం, ఫోను, పేషెంట్లు సంతకం పెట్టిన పెన్ను, ఏది కనబడినా దూదికి స్పిరిట్ అద్ది తుడిచేస్తాను. కింద షాపులో కుట్టుకునే టైలర్ ఒకసారి, "అక్కా, మనుషుల్ని కూడా తుడిచి గానీ లోపలికి పంపరట కదా మీరు" అన్నాడు. "ముందు నీ నోరు తుడవాలి, ఇటు రా" అన్నాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. ఇప్పుడు వాడి షాపు ముందు నుంచి వెళ్ళాలంటే తల ఎత్తలేను. అదే చెప్పబోతున్నాను.

మాది చిన్న పళ్ళ క్లినిక్. మెట్లెక్కగానే బల్ల వేసిన గది, దాని వెనక కుర్చీ ఉన్న గది, అంతే. డాక్టర్ గారు ఒక్కరే, నేనొక్కదాన్నే. ఇరవై మూడేళ్ళు ఆయన ఎడమ చేతి వైపు నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపితే ఏం కావాలో అడగక్కర్లేదు, చేతిలో పెట్టేస్తాను. ఆయన అరవరు. అరవడం నా పని.

ఆయన సిమెంటు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసింది ఎంత పనో మీకు తెలియదు. దెబ్బ తగిలి పన్ను ఊడి కింద పడితే చాలామంది పారేస్తారు. పారెయ్యక్కర్లేదు. తొందరగా తెస్తే అదే గుంటలో మళ్ళీ పెట్టి, పక్క పళ్ళకి సన్న తీగతో కట్టేస్తే అతుక్కుంటుంది. అందరూ సంతోషంగా ఇంటికెళ్తారు. అసలు గొడవ తర్వాత మొదలవుతుంది. ఏడాదికో రెండేళ్ళకో ఆ పంటి వేరు కరిగిపోవడం మొదలుపెడుతుంది. పురుగూ కాదు, పుచ్చూ కాదు, మన ఒళ్ళే మన పంటి వేరుని తినేస్తుంది. పైకి పన్ను శుభ్రంగా, తెల్లగా ఉంటుంది. లోపల ఏమీ ఉండదు. ఒకరోజు ఏదో కొరుకుతుంటే చేతిలోకి వచ్చేస్తుంది.

దానికి డాక్టర్ గారు మందు సిమెంటు తయారుచేశారు. వేరు మధ్యలో ఉండే సన్న గొట్టాన్ని శుభ్రం చేసి ఈ సిమెంటుతో నింపుతారు. అందులో కలిపిన మందు వేరు గోడలోంచి మెల్లమెల్లగా బయటికి ఊరుతుంది, ఆ తినే కణాలని నెమ్మదింపజేస్తుంది. ఎనిమిదేళ్ళు పట్టింది ఆయనకి అది కుదరడానికి. పాత పళ్ళు సీసాల్లో వేసుకుని వాటిమీద ప్రయత్నించేవారు. ఒకసారి గట్టిపడలేదు, ఒకసారి పెట్టేలోపే రాయైపోయింది, ఒకసారి పళ్ళన్నీ బూడిద రంగుకి తిరిగాయి. అప్పుడు ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదని అమ్మగారు ఫోన్ చేసి నన్ను తిట్టారు, నేనేదో తినొద్దన్నట్టు! ఆఖరికి కుదిరింది. డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఒకాయన డాక్టర్ గారికి చిన్ననాటి స్నేహితుడు. ఆయనే పై అనుమతులన్నీ తెప్పించారు. "పది పళ్ళు, రెండేసి ఏళ్ళు నిలబెట్టి చూపించరా, మిగతాది మా కాలేజీ చూసుకుంటుంది. ఊరూరా పిల్లలకి అందుతుంది" అన్నారు.

కలపడం మాత్రం నా చేతి పనే. గాజు పలకని చల్లటి నీళ్ళలో ఉంచి, తుడిచి, పొడిని చిన్న చిన్న కుప్పలు చేసి, ఒక్కో కుప్పనీ చుక్క మందులో రుద్దుతూ కలపాలి. స్పాచులా గరిటెతో పైకెత్తితే అంగుళం తీగ సాగి తెగాలి. తక్కువ సాగితే గట్టి, ఎక్కువ సాగితే పల్చన. "నీ చెయ్యి లేకపోతే నా మందు లేదమ్మా" అనేవారు డాక్టర్ గారు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయేదాన్నో చెప్పలేను.

ఊడిన పళ్ళ కార్డులకి రెండు పెట్టెలు ఉండేవి, తెల్లదీ నీలందీ. పంటి వేరు మీద లేత గులాబీ రంగులో పల్చటి పొర ఉంటుంది. ప్రాణమంతా అందులోనే. ఆ పొర బతికుండగా, పాలల్లో వేసి, గంటలోపు తెచ్చిన పళ్ళు తెల్ల పెట్టెలోకి వెళ్తాయి. ఎండబెట్టి తెచ్చినవీ, మట్టి పోవాలని రుద్ది కడిగి తెచ్చినవీ నీలం పెట్టెలోకి. రుద్దితే పొర పోతుంది, పొర పోయిన వేరుని ఏ మందూ పూర్తిగా కాపాడలేదు, కాబట్టి వాటితో మందుని పరీక్షించడం అన్యాయం అనేవారు. నీలం పెట్టెలో మూడే కార్డులు ఉండేవి. ఆ ముగ్గురికీ మామూలు సిమెంటే పెట్టారు. రెండు రోజులు కాగితంలో చుట్టిపెట్టి తెచ్చిన పన్ను ఒకటి ఉంటే, "దీనికి మన మందు ఎందుకమ్మా, దండగ" అన్నారు. ఆ ముక్క నా బుర్రలో ఉండిపోయింది.

పన్ను ఊడిందని ఎవరు ఫోన్ చేసినా చెప్పేది నేనే. "పంటి తల దగ్గర పట్టుకోండి. వేరు ముట్టుకోకండి. రుద్దకండి, తుడవకండి. పాలల్లో వేసి పరిగెత్తుకు రండి." వందసార్లు చెప్పుంటాను. అవతల వాళ్ళు అప్పటికే కడిగేశామంటే, "మీకు బుద్ధుందా!" అని అరిచేదాన్ని. డాక్టర్ గారు చేత్తో ఆగమని సైగ చేసేవారు. నేనాగేదాన్ని కాదు.

చిన్నపిల్లలొస్తే ఇంకో మాట అనేదాన్ని. "చాక్లెట్లు తిన్నావా లేదా? నిజం చెప్పు. అబద్ధం చెప్పావో, పన్ను ఊడిపోతుంది!" పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని నిజం చెప్పేసేవాళ్ళు. సరదాకే. నా చిన్నప్పుడు ఎవరో నన్ను బెదిరించిన మాట అది, నేనూ అదే అనేదాన్ని.

ఇక మా ఎలకపిల్ల. నా చెల్లెలి కూతురు. చెల్లెలు జ్వరంతో పోయేనాటికి దానికి మూడేళ్ళు. వాళ్ళ నాన్న ఏడాది తిరక్కుండా వేరే కాపురం పెట్టుకున్నాడు. నాకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు, కోపం తప్ప ఇంకేం లేదు అనుకుంటున్న ఇంట్లోకి అది బొమ్మని చంకలో పెట్టుకుని వచ్చింది. ముందు పళ్ళు రెండూ కాస్త పెద్దవి, మధ్యలో చిన్న సందు. అచ్చం మా చెల్లి పళ్ళే. అందుకే ఎలకపిల్ల అన్నాను, ఆ పేరే ఉండిపోయింది. అది నవ్వితే మా చెల్లి నవ్వినట్టే ఉండేది. ఒక్కోసారి పని చేసుకుంటూ తలెత్తి చూసి చెల్లి పేరు పెట్టి పిలవబోయేదాన్ని.

దానికి తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఆదివారం పొద్దున్న, కింది వాకిట్లో ఇనుప గేటు పట్టుకుని ఊగుతోంది. వద్దన్నానని ఇంకా గట్టిగా ఊగింది. గేటు వెళ్ళి గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగి దాని మూతికి తగిలింది. పెద్దగా అరవలేదు. మెట్లెక్కి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది. నోరంతా రక్తం. గుప్పెట్లో పన్ను, మట్టీ రక్తమూ అంటుకుని.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అట్లా అనుకున్నాను తర్వాత, కానీ అది నిజం కాదు. చేతులు ఆడాయి. అదే వచ్చిన చిక్కు. పన్ను తీసుకున్నాను, కొళాయి తిప్పాను, సింకు పక్కన గిన్నెల మూలలు తోమే పాత బ్రష్షు ఉంటే తీసుకున్నాను, రుద్దాను. అటు తిప్పి రుద్దాను, ఇటు తిప్పి రుద్దాను. నా సంచిలోంచి దూది తీసి, స్పిరిట్ అద్ది, తుడిచాను. ఎలకపిల్ల పక్కనే నిలబడి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని చూస్తోంది. పన్ను తళతళా మెరిసింది. మట్టి లేదు, రక్తం లేదు, ఏ మరకా లేదు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు చూశాను. గులాబీ రంగు లేదు. వేరు తెల్లగా, బోసిగా ఉంది.

చెప్పాను కదా, వందసార్లు చెప్పిన నోరు ఇది. ఊరందరినీ తిట్టిన నోరు. ఇరవై ఏళ్ళు ఏది కనబడితే అది తోమిన చేతులు, ఆ నోటిని ఒక్కసారి కూడా అడగలేదు. "అయ్యో, అయ్యో" అంటూ పాల గిన్నెలో వేశాను. ఏం లాభం?

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే క్లినిక్‌కి వచ్చేశారు. ఎలకపిల్లని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కార్డు తీసి అడగడం మొదలుపెట్టారు.

"ఎంతసేపు బయట ఉందమ్మా?"

"పది నిమిషాలు కూడా లేదండీ. పాలల్లో వేసేశాను."

"వేరుని ఎవరైనా ముట్టుకున్నారా? రుద్దారా?"

రుద్దానంటే నీలం పెట్టె. నీలం పెట్టె అంటే మామూలు సిమెంటు, మందు లేదు. నా బుర్రలో ఉన్నది అదొక్కటే. దానికి మందు పడాలి. సగం నయమైనా సరే, పడాలి. సిగ్గు కూడా ఉంది, లేదని ఎందుకనాలి? స్పిరిట్ అక్క పన్ను రుద్దిందట అని ఆయన కళ్ళలో కనబడటం నా వల్ల కాదు.

"లేదండీ" అన్నాను.

ఆయన ఎలకపిల్ల వైపు తిరిగారు. పిల్లల్ని కూడా అడగడం ఆయన అలవాటు, పెద్దవాళ్ళు మర్చిపోతారు అంటారు. "ఏరా బంగారం, ఎవరైనా రుద్దారా పన్నుని?"

అది నా వంక చూసింది. నేను గాజు పలక తుడుస్తున్నట్టు తల దించుకున్నాను. అది అడ్డంగా తలూపింది. డాక్టర్ గారు రాసుకున్నారు. తెల్ల పెట్టెలో పదో కార్డు.

పన్ను గుంటలో పెట్టి, తీగ కట్టారు. వారం పోయాక గొట్టం శుభ్రం చేసి మందు సిమెంటు నింపారు. ఆ రోజు కలిపినట్టు ఎప్పుడూ కలపలేదు నేను. అంగుళం తీగ, సరిగ్గా అంగుళం. "ఇదే మన మేలిరకం కార్డమ్మా" అన్నారాయన చేతులు కడుక్కుంటూ. "మిగతా తొమ్మిదీ ఎవరెవరో తెచ్చినవి, వాళ్ళ మాట నమ్మి రాసుకున్నవి. ఇది నీ చేత్తో తెచ్చింది. దీన్ని మించిన రుజువు నాకు అక్కర్లేదు." నేను తొట్టిలో గిన్నెలు కడుగుతూ ఉండిపోయాను.

మూడు నెలలకి బావుంది. ఆరు నెలలకి బావుంది. నాకు మెల్లగా ఊపిరి ఆడింది. మందు అంత గొప్పది, నా తప్పుని కూడా మింగేసింది అనుకున్నాను. ఇరుగుపొరుగుతో మళ్ళీ పోట్లాడటం మొదలెట్టాను కూడా, అంత ధైర్యం వచ్చింది.

ఏడాదికి చూపించాం. డాక్టర్ గారు అద్దం పిడితో పళ్ళని ఒక్కొక్కటే తట్టారు. మంచి పన్ను తడితే మెత్తగా టక్ మంటుంది. ఎలకపిల్ల ముందు పన్ను టంగ్ మంది. లోహం మీద కొట్టినట్టు. ఆయన మళ్ళీ తట్టారు. టంగ్. నేను అటు తిరిగి ట్రే సర్దుతున్నాను. ఎక్స్‌రే తీయకముందే నాకు తెలిసిపోయింది. పొర పోయింది కాబట్టి ఎముక వేరుని పట్టేసుకుంది, ఇక కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఎక్స్‌రేలో వేరు అంచు చిరిగిన కాగితంలా ఉంది.

డాక్టర్ గారు ఆ ఫిల్ము కిటికీకి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. పిల్లని కిందికి పంపాక బల్ల మీద కూర్చున్నారు. ఆయన పేషెంట్ల బల్ల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పది నిమిషాల్లో పాలల్లో పడ్డ పన్ను. ఎవరూ ముట్టుకోనిది. అది ఇట్లా ఎందుకవుతుందమ్మా?" అన్నారు. "నేననుకోవడం, నా మందే ఆ పొరని కాల్చేసింది. మిగతా తొమ్మిదీ మందు వల్ల కాదు, మందు ఉన్నా బతికాయేమో. అదృష్టం."

చెప్పొచ్చు అప్పుడు. చెప్పాలి అప్పుడు. నోరు తెరిచాను కూడా. "మీరు ఊరికే ఏదో అనుకుంటున్నారు" అన్నాను. ఆ ఒక్క ముక్కే వచ్చింది. ఏడాది దాచినదాన్ని ఒక్క రోజులో ఎట్లా చెప్పను? రేపు చెప్తాను అనుకున్నాను. ఆ రేపు ఆయన ప్రొఫెసర్ గారికి ఉత్తరం రాసేశారు, మందు పిల్లలకి హాని చేస్తున్నట్టుంది, ఆపేస్తున్నాను అని. పొడి సీసా తీసుకెళ్ళి అలమారలో పై అరలో, చెయ్యి అందనంత ఎత్తులో పెట్టారు. స్టూలు ఎక్కి పెట్టారు, డెబ్భై ఏళ్ళ మనిషి. నేను స్టూలు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత నాలుగు నెలలకి టైలర్ కూతురు సైకిల్ మీంచి పడింది. పదిహేనేళ్ళ పిల్ల, చక్కగా పాడుతుంది. టైలర్ నాకే ఫోన్ చేశాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు పాపం. వేరు ముట్టుకోలేదు, రుద్దలేదు, పాల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని మెట్లెక్కాడు. పంటి మీద గులాబీ పొర నిగనిగలాడుతోంది. అంత బాగా తెచ్చిన పన్ను నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు.

సిమెంటు పెట్టే రోజున అడిగాను. "మన మందు కలపనా అండీ?"

"ఇంకో పిల్ల నోట్లో అది పెట్టనమ్మా."

"ఒక్కసారి చూద్దామండీ. ఈ పన్ను బావుంది."

"నీ పిల్లకి అట్లా అయ్యాక కూడా నువ్వే అడుగుతున్నావా?" అన్నారు ఆశ్చర్యంగా. నేను మామూలు సిమెంటు కలిపాను. నా చేత్తోనే కలిపాను.

ఏడాదిన్నరకి ఆ పిల్ల పన్ను ఊగింది. వేరు సగానికి పైగా పోయింది. తీసేసి కట్టుడు పన్నున్న ప్లేటు పెట్టారు. పాడటానికి నోరు తెరిస్తే ప్లేటు కదులుతుందని ఆ పిల్ల పాటే మానేసింది. టైలర్ నన్ను మెట్ల దగ్గర ఆపి, "మీరు చెప్పినట్టే పాలల్లో తెచ్చాను కదక్కా" అన్నాడు. నిష్ఠూరం కాదు, నిజంగానే అడిగాడు, తనవల్ల ఏమైనా పొరపాటు జరిగిందేమోనని. "నీ తప్పేం లేదు" అన్నాను. ఆ రోజు ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చి ముఖం కడుక్కుని మర్నాడు మామూలుగా పనికి వెళ్ళాను. అదీ నా బతుకు.

ఎలకపిల్లకి పన్నెండేళ్ళు వచ్చాయి. ఎదిగే ముఖంలో ఆ పన్ను ఎదగలేదు, పక్క పన్ను కంటే పైకి, చిగుళ్ళలోకి పోయినట్టు కనబడేది. అది నవ్వేటప్పుడు పెదవి మీద చెయ్యి పెట్టుకోవడం నేర్చుకుంది. మా చెల్లి నవ్వు ఆ చేతి వెనక్కి వెళ్ళిపోయింది. కిందటి నెలలో పన్ను కదలడం మొదలైంది. డాక్టర్ గారు చూసి, ఇక ఉంచడం మంచిది కాదు, గురువారం తీసేద్దాం అన్నారు.

గురువారం పొద్దున్న దానికి జడ వేస్తున్నాను. అద్దంలో నన్ను చూస్తూ అడిగింది.

"పెద్దమ్మా, ఇది తీసేశాక మిగతావి ఊడవు కదా?"

"మిగతావెందుకు ఊడతాయే?"

"నేను ఒక్కసారే చెప్పాను కదా."

"ఏంటి చెప్పావు?"

"అబద్ధం. డాక్టర్ తాత అడిగితే రుద్దలేదని తలూపాను కదా. నువ్వు అంటావుగా, అబద్ధం చెప్తే పన్ను ఊడిపోతుందని. అందుకే ఇది ఊడిపోతోంది, నాకు తెలుసు. తర్వాత మళ్ళీ చెప్పలేదు పెద్దమ్మా. ఒట్టు. ఒక్కటి కూడా చెప్పలేదు."

నా చేతిలో జడ జారిపోయింది. మూడేళ్ళు! తొమ్మిదేళ్ళ పిల్ల, రాత్రిళ్ళు నా పక్కనే పడుకుంటూ, తన పన్ను తనే పోగొట్టుకున్నానని మూడేళ్ళు అనుకుంది. నన్ను కాపాడటానికి చెప్పిన అబద్ధానికి శిక్ష అనుభవిస్తున్నానని అనుకుంది. నేను పరువు దాచుకున్నాను, అది భయం దాచుకుంది. నన్ను నేను రెండు చెంపలూ వాయించుకోవాలనిపించింది. దాన్ని దగ్గరికి తీసుకుని, "పద" అన్నాను. సగం వేసిన జడతోనే తీసుకెళ్ళాను.

డాక్టర్ గారు ట్రే ముందు నిలబడి ఉన్నారు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముందుకెళ్ళి నిలబడి చెప్పేశాను. కొళాయి, బ్రష్షు, దూది, స్పిరిట్. నీలం పెట్టె భయం. అన్నీ చెప్పాను. నిలబడి చెప్పడం మొదలెట్టాను, చివరికొచ్చేసరికి గోడకి ఆనుకున్నాను.

ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే బావుండేది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

"మందు పెట్టననుకున్నావా?"

"మీరే కదండీ, దండగ అన్నారు..."

"రెండు రోజులు కాగితంలో ఎండిన పన్నుకన్నాను ఆ మాట. ఇది పసిపిల్లది, పది నిమిషాలది. రుద్దినా పెట్టేవాణ్ణే. నువ్వు నిజం చెప్పినా పెట్టేవాణ్ణే." ఆయన తెల్ల పెట్టె వైపు చూశారు. "కార్డు వేరే పెట్టెలో వేసేవాణ్ణి. అంతే తేడా."

అంతే తేడా. ఒక కార్డు ఏ పెట్టెలో పడాలన్నదే తేడా. దానికోసం నేను అబద్ధం ఆడాను, పిల్లతో ఆడించాను.

"ప్రొఫెసర్‌కి రాద్దామండీ ఇప్పుడైనా" అన్నాను.

"వాడు కిందటేడు పోయాడు కదమ్మా" అన్నారు. నాకు తెలుసు, పోయారని వచ్చిన ఉత్తరం తెచ్చి ఇచ్చింది నేనే. ఆ క్షణాన మర్చిపోయాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. ఈమధ్య కొంచెం వణుకుతున్నాయి. "ఇరవై మూడేళ్ళు నా పక్కనే నిలబడ్డావు" అన్నారు, నా ముఖం చూడకుండా.

తెల్ల పెట్టె తెరిచి పదో కార్డు తీశారు. కొత్త కార్డు ఒకటి తీసుకుని ఎలకపిల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"మళ్ళీ మొదట్నుంచి రాద్దాం. పన్ను ఎంతసేపు బయట ఉంది?"

"పది నిమిషాలండీ" అన్నాను నేను అలవాటుగా.

"నిన్ను కాదు" అన్నారు. చెంప మీద కొట్టినట్టయింది.

"పది నిమిషాలు తాతా" అంది అది.

"వేరుని ఎవరైనా రుద్దారా?"

అది నా వంక చూసింది. అదే చూపు. ఈసారి నేను తల దించుకోలేదు. "చెప్పమ్మా" అన్నాను.

"పెద్దమ్మ రుద్దింది. బ్రష్షుతో. తర్వాత దూదితో తుడిచింది. మట్టి పోవాలని."

ఆయన అక్షరం అక్షరం రాశారు. రాసి, పాత కార్డుని కొత్తదానికి గుచ్చి, నీలం పెట్టెలో వేశారు. తెల్ల పెట్టెలో తొమ్మిది మిగిలాయి. మూత పెట్టి దాని తల మీద చెయ్యి వేశారు.

"ఇదిగో చూడు బంగారం. నీ పన్ను నీ మాట వల్ల పోవట్లేదు. మాటల వల్ల పళ్ళు ఊడవు. అర్థమైందా?"

అది తలూపింది. కాసేపు ఆలోచించి నా వైపు తిరిగింది. "మరి పెద్దమ్మ మాట వల్ల?"

డాక్టర్ గారు ట్రే వైపు తిరిగిపోయారు. ఆ జవాబు నాదే.

"నీ పన్ను నా చేతుల వల్ల పోయిందమ్మా" అన్నాను. "నా మాట వల్ల టైలర్ మామయ్య కూతురిది పోయింది."

అది నన్ను అట్లాగే చూసింది. కింద షాపులో కుట్టు మిషన్ ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇది అయ్యాక నేను వెళ్ళాల్సింది అక్కడికే.

డాక్టర్ గారు చెయ్యి చాపారు. ఏం కావాలో అడగక్కర్లేదు, ఆయన చేతిలో పెట్టాను. ఎలకపిల్ల నోరు తెరిచింది. నేను దీపం సరిచేసి పట్టుకున్నాను.